ఖాళీ తట్టకు ఆరు

నెహెమ్యా లెక్కలో లోకంలో మనుషులు రెండు రకాలు. సరుకు వెయ్యకముందు కాటా ముల్లు చూసేవాళ్లు, చూడనివాళ్లు. మొదటి రకంతో బేరం పెట్టుకోవాలి, రెండో రకంతో చుట్టరికం. పిడుగురాళ్లలో అతని సున్నపు బట్టీ గురించి ఎవరేమన్నా, కాటా గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ నోరెత్తలేదు.

ఇప్పుడు మాట పడింది బట్టీకే. మంట చూసి రాయి ఉడికిందో లేదో చెప్పే ముసలి సుభానీ, చూపు ఆనక ఇంటిపట్టున ఉండిపోయాడు. ఆ తర్వాత వరసగా రెండు బట్టీలు తొందరపడి తెరిచారు. రాళ్లు పైకి తెల్లగా, లోపల పచ్చిగా వచ్చాయి. కొత్త చర్చి కడుతున్న ఏసయ్య మేస్త్రీ వాటిని తిప్పి పంపాడు. శనివారం తనే వచ్చి రాళ్లు నీళ్లలో వేసి చూస్తానని, ఈసారి కూడా పగలకపోతే చర్చి సున్నమంతా పక్క బట్టీలో తెచ్చుకుంటానని కబురు చేశాడు. చర్చి బేరం పోతే దాన్ని చూసి ఊళ్లో లేచే ప్రతి గోడా పోతుంది. ఆ లెక్కకు నెహెమ్యాకు వేళ్లు మడవాల్సిన పని లేదు.

అందుకే కాకినాడ ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో పనిచేసే మేనల్లుడు దేవానందాన్ని పిలిపించాడు. అతను జేబులోంచి పొట్లం తీసి, చొక్కా బొత్తామంత రేకు టోపీని మామ అరచేతిలో పెట్టాడు. దానికి ఎనిమిది కాళ్లు. పేరు ఆప్ యాంప్ అట. రెండు రకాల లోహపు తీగల కొసలు మెలేసి, మట్టిగొట్టంలో పెట్టి బట్టీలోకి దింపితే వేడికి చిటికెడు కరెంటు పుడుతుందట. ఆ చిటికెడును ఈ టోపీ బస్తాడు చేసి మీటరు సూదిని లేపుతుందట. చిటికెడు బస్తాడయ్యే వ్యాపారం నెహెమ్యాకు తెగ నచ్చింది.

చిక్కల్లా ఒకటే. టోపీకి రెండు బ్యాటరీలు కావాలి, సున్నాకు పైన ఒకటి, కింద ఒకటి. ఉన్నది నెహెమ్యా లారీలోంచి ఊడదీసిన ఒక్కటే. రెండోది దొరికేది పక్క బట్టీవాళ్ల లారీలో. వాళ్లను అడగడం కంటే బట్టీ మూసుకోవడం నయమన్నాడు నెహెమ్యా. దేవానందం కాసేపు తల గోక్కుని, రంగు చారలున్న సమానమైన రెసిస్టర్లు రెండు తీసి, ఒకదాని వెనక ఒకటిగా బ్యాటరీ రెండు కొసల మధ్య కలిపి చెక్క మీద మరలతో బిగించాడు. పన్నెండు ఓల్టుల్లో సగం ఆ రెండింటి నడుమ నిలిచింది. మీటరు సూది ఆరు దగ్గరికొచ్చి ఆగింది.

"ఇంక ఆరే మనకి సున్నా, మామయ్యా. గోడకానుకుని కూచున్నోడు వెనక్కి వాలలేడు గదా. దీన్ని గోడకి ఎడంగా కూచోబెట్టా, అప్పుడే సూది కదిలేది" అన్నాడు.

నెహెమ్యా పెళ్లాం ప్రేమమ్మ దగ్గర విరిగిన వెండి కాలిపట్టీ తీసుకుని, కంసాలి కుంపట్లో తీగ కొస పక్కన పెట్టి కరిగిస్తే, సూది ఆరు నుంచి తొమ్మిదికి లేచింది. ఆ వేడికి రాయి కూడా ఉడుకుతుంది కాబట్టి తొమ్మిది దగ్గర ఎర్రగీత గీసి, సూది అక్కడ ఒక పూట నిలిచాకే బట్టీ తెరవమన్నాడు. దేన్నీ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి బస్సెక్కాడు. ముద్దయిన పట్టీని కొంగున ముడేసుకుని, రాయి ఉడక్కపోతే దీనికి జవాబు ఎవరు చెబుతారని ప్రేమమ్మ మొగుణ్ణి అడిగింది.

నెహెమ్యా వినలేదు. అతను సూదినే చూస్తున్నాడు. బట్టీకి ఇంకా నిప్పే పెట్టలేదు, సూది ఆరు చూపిస్తోంది. ఖాళీ తట్టకు ఆరు చూపే కాటా. అట్లాంటి కాటా వాడినవాణ్ణి సంతలో నలుగురి ముందు నిలబెట్టి కడిగినవాడు తను. శనివారం ఏసయ్య వచ్చి చూస్తే ఏమనుకుంటాడు? దాని చుట్టూ తిరిగాడు, చుట్ట కాల్చాడు, మళ్లీ తిరిగాడు. ఆఖరికి ప్లస్ వైపు రెసిస్టరు మర తిప్పి ఊడబీకాడు. సూది దభీమని సున్నాకు పడింది. నెహెమ్యా ప్రాణం కుదుటపడింది. ధర్మంగా నిప్పు పెట్టించాడు.

శుక్రవారం పొద్దుటికి బట్టీ దగ్గర నిలబడితే మొహం కాలుతోంది. సూది సున్నా. ఊదాడు, కొట్టాడు, బతిమాలాడు. సూది సున్నా. బొగ్గును తిట్టాడు, కాకినాడను తిట్టాడు, టోపీ ఎనిమిది కాళ్లను ఒక్కొక్కటిగా తిట్టాడు. ఇక సూది లేదు గీది లేదు, తెరిచేద్దామని కూలీలకు గడ్డపారలు అందించాడు.

సరిగ్గా అప్పుడే హజ్రా బీ ఇంటికి వెల్ల వేసుకోవడానికి సున్నం కావాలని కుండతో వచ్చింది. నెహెమ్యా పరధ్యానంగా కుండ తట్టలో పెట్టి సున్నం పొయ్యబోయాడు. ఆమె కుండ మూతికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏందన్నా, కుండ కూడా నాకే అమ్ముతన్నావా? ముందు ధడా కట్టు."

జీవితంలో మొదటిసారి అతని కాటా మీద మాట పడింది. సిగ్గుపడుతూ కుండ బరువుకు సరిపడా రాళ్లు అవతలి తట్టలో వేశాడు. ఖాళీ కుండకు ఖాళీ కుండంత బరువు. ముల్లు నిటారుగా నిలిచింది. మోసం కాదు, న్యాయమే. ఇక్కణ్ణుంచి పోసిందే సరుకు.

నెహెమ్యా చేతిలో సున్నపు చేట అట్లాగే ఉండిపోయింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ, ఆరంటే ధడా" అన్నాడు. చేట ఆమె చేతుల్లో పెట్టేసి, పంచె పైకి దోపుకుని పరుగెత్తాడు. గడ్డపారలు దించమని దారిపొడుగునా అరుచుకుంటూ పోయాడు. ఊడబీకిన రెసిస్టరు చొక్కా జేబులో చుట్టముక్కల మధ్య దొరికింది. మర బిగించేసరికి సూది లేచి ఆరు దాటింది, ఏడు దాటింది, ఎనిమిది మీద కాసేపు వణికి ఆగింది. అంటే రాయి ఇంకా పచ్చి. ఇప్పుడు తెరిచి ఉంటే చర్చి గంగలో కలిసేది. పొద్దుగూకే వేళకు సూది ఎర్రగీత ఎక్కింది. రాత్రంతా అక్కడే కూచుంది. నెహెమ్యా దాని పక్కనే కూచున్నాడు.

శనివారం తెల్లారాక బట్టీ తెరిచారు. సాయంత్రానికి ఏసయ్య వచ్చాడు. చల్లారిన పైవరసలోంచి తనే రాళ్లు ఏరి నీళ్ల తొట్లో పడేశాడు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత తొట్టి బుస కొట్టింది. రాళ్లు పటపటా పగిలి పిండి పిండి అయ్యాయి. ఆవిరికి ఏసయ్య కళ్లద్దాలు మసకబారాయి. చేత్తో తొట్టి అడుగంతా దేవి చూడబోయి, వేడికి చెయ్యి వెనక్కి లాక్కుని, లారీకి ఎత్తమన్నాడు. ప్రేమమ్మ కొంగు ముడి విప్పి వెండిముద్దను ముద్దు పెట్టుకుంది.

అద్దాలు తుడుచుకుంటూ ఏసయ్య మీటరు ముందు ఆగాడు. తీగ అప్పటికే బట్టీలోంచి లాగేశారు.

"ఏంది నెహెమ్యా, ఏమీ లేకుండానే ఆరు చూపిస్తంది?"

"అది ధడా, బాబాయ్" అన్నాడు నెహెమ్యా, పుట్టినప్పటినుంచీ తెలిసినట్టు.

సున్నం ఎత్తాక లారీ కదల్లేదు. మీటరుకున్న బ్యాటరీ ఊడదీసి ఇమ్మని డ్రైవరు ఎంత అడిగినా నెహెమ్యా ససేమిరా అన్నాడు. చివరికి కూలీలు, ప్రేమమ్మ, చెయ్యి ఊదుకుంటూ ఏసయ్య, అందరూ కలిసి చర్చి సున్నాన్ని మాచర్ల రోడ్డు దాకా తోశారు.