ఏడవని వీధి

ఆ వీధిలో కాలు పెట్టగానే ఇస్త్రీ అమ్మమ్మకు ప్రాణం హాయిగా అనిపించింది. బస్సులో ఆమె పక్క సీటులో ఉన్న చంటివాడు దారి పొడుగునా చెవులు చిల్లులు పడేలా ఏడ్చాడు మరి. ఇక్కడ గడప గడపకూ పిల్లలున్నారు, ఒక్క కూత లేదు. మెట్ల మీదా గోడ నీడనా బుద్ధిగా కూర్చుని ఆమె వంకే చూస్తున్నారు. ప్రతి పిల్ల ఒళ్లోనూ పెద్దవాళ్ల చొక్కా ఒకటి ఉంది. రంగు ఏదైనా అన్నీ బూడిద పట్టినవే. ఒకడు చొక్కా చెయ్యి నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. ఇంకొకతె కాలరు నములుతోంది.

"ఎంత బుద్ధిమంతులర్రా! మా వీధికి నాలుగు రోజులు అరువిస్తారా మిమ్మల్ని?" అందామె.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ సిగ్గుపడి తల తిప్పుకోలేదు కూడా. ఆమె వీధి చివరికంటా నడిచి వెనక్కి తిరిగి చూసింది. వాళ్లు ఆమె ఇందాక నిలబడిన చోటునే ఇంకా చూస్తున్నారు.

అమ్మమ్మకు నోరు ఊరుకోదు. ముప్పై ఏళ్లు పరాయివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి బతికింది. మాట్లాడ్డానికి మనిషి దొరక్కపోతే బల్ల మీది చొక్కాతో మాట్లాడేది, చీవాట్లు పెట్టేది. ఆ బల్ల కింద పాకుతూ పెరిగింది మనవరాలు. కూతురూ అల్లుడూ పాత బ్యాటరీల కార్ఖానాలో పని దొరికిందని వెళ్లినప్పుడు పిల్లను ఆమెకే అప్పగించారు. అమ్మమ్మ పెంపకం కదా, దానికి పళ్లకంటే ముందు మాటలొచ్చాయి. అమ్మమ్మను "మమ్మమ్మ" అనేది, ఇస్త్రీపెట్టెను "చుయ్" అనేది, వచ్చిన ప్రతివాణ్నీ "పో" అని తరిమేది. అందుకే దానికి వసపిట్ట అని పేరు పడింది. పిట్ట అంటేనే పలికేది.

ఇల్లు కుదిరిందని కూతురు వచ్చి పిల్లను తీసుకెళ్లాక మొదట్లో ఫోనులో పిట్ట గోల ఆగేది కాదు. తర్వాత మాటలు తగ్గాయి. ఆ తర్వాత ఊపిరి చప్పుడు మాత్రమే వినిపించేది. "ఆటలో పడిందమ్మా" అనేది కూతురు. ఆడుకునే పిల్ల ఊపిరి అంత నిదానంగా ఉంటుందా అని అమ్మమ్మకు అనుమానం. ఆ అనుమానమే ఆమెను బస్సెక్కించింది.

పిట్ట గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండేళ్లు దాటిన పిల్లకు ఏడాది పిల్లంత చేతులు. ఒళ్లో తండ్రి చొక్కా.

"పిట్టా! ఎవరొచ్చారో చూడవే! మమ్మమ్మనే!"

పిల్ల తలెత్తింది. కిటికీలోంచి వీధిని చూసినట్టు ఆమెను చూసింది. మళ్లీ చొక్కా చేతిని నోట్లో పెట్టుకుంది.

"కొత్త చేసిందమ్మా, నాలుగు రోజుల్లో అదే కలుస్తుంది" అంది కూతురు.

"నా దగ్గర కొత్తేమిటే? దీని ఉచ్చగుడ్డలు ఉతికింది నేనా, నువ్వా?"

సాయంత్రం కార్ఖానా విడిచారు. ఆ వీధి మగవాళ్లందరిదీ ఒకటే పని. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసపు పలకలు తీసి, కొలిమిలో కరిగించి దిమ్మలు పోస్తారు. అల్లుడు గుమ్మంలోకి వచ్చి చెప్పులైనా విడవకుండా ఒంటి మీది చొక్కా విప్పి, పిట్ట దగ్గరున్న నిన్నటిది తీసుకుని, వేడివేడిగా ఇవాళ్టిది దాని చుట్టూ కప్పాడు. పిల్ల కళ్లు అరమూతలు పడ్డాయి. అమ్మమ్మ బయటికి తొంగి చూసింది. ప్రతి గుమ్మంలోనూ ఒక మగవాడు చొక్కా విప్పుతున్నాడు.

"ఇదేం చోద్యం బాబూ?"

"ఇక్కడంతా ఇంతే అత్తయ్యా. మేము పొద్దస్తమానం కొలిమి దగ్గరే ఉంటాం. నాన్న ఒంటి వేడీ వాసనా ఉంటే పిల్లలు బెంగపెట్టుకోరు. ఉతికితే వాసన పోతుంది, అందుకే ఉతకం" అన్నాడు అల్లుడు. మంచివాడే. పిల్లంటే అతనికి పంచప్రాణాలు. ఆ చొక్కా కప్పేటప్పుడు అతని మొహంలో ఉన్న మురిపెం చూసి అమ్మమ్మ నోరు మూసుకుంది. అది ఆమెకు కష్టమైన పనే.

ఎదురింటావిడ పలకరించడానికి వచ్చింది. ఆవిడకు అయిదేళ్ల కొడుకున్నాడు. మెట్టు మీద కూర్చున్నవాడు కదలడు కాబట్టి అందరూ వాణ్ని దొర అంటారు.

"మావాడు పుట్టిన నెలకే ఏడుపు మానేశాడు పిన్నీ. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. అన్నం కూడా అడగడు" అంది గొప్పగా.

"అడగకపోతే ఏం పెడతావమ్మా?"

"గంజి కలిపి అక్కడ పెడతాను. తాగితే తాగుతాడు, లేకపోతే లేదు. నిజం చెప్పాలంటే మాకున్నదానికి అడగని పిల్లలు దొరకడం అదృష్టమే."

మర్నాడు కూతురూ అల్లుడూ పనికి వెళ్లాక అమ్మమ్మ గుడ్లు ఉడకబెట్టి, పిట్టతో పాటు వీధి పిల్లల్ని కూడా పిలిచింది. ఎవరూ రాలేదు. తనే వెళ్లి చేతిలో పెడితే దొర గుడ్డును ఒకసారి నాకి, పక్కన పెట్టి, చొక్కా నోట్లో పెట్టుకున్నాడు. అమ్మమ్మకు కోపమొచ్చి, వాళ్ల వెనక పెద్ద పళ్లెం ఒకటి దబ్బున కింద పడేసింది. ఒక్కళ్లూ ఉలిక్కిపడలేదు. కాసేపయ్యాక, ఆ మోత పూర్తిగా ఆగిపోయాక, ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పి పళ్లేన్ని చూశారు. పట్టపగలు, ఎండలో, పసిపిల్లల్ని చూసి భయపడ్డానని ఎవరితోనైనా చెబితే నవ్విపోతారు. అయినా భయపడింది.

పిట్టను తనకు వచ్చిన విద్యలన్నీ చేసి పలికించాలని చూసింది. పాడింది, పిల్లిలా అరిచింది, దాని పాత మాటలన్నీ తనే అంది. "చుయ్ ఏదే? పో అనవే, ఒక్కసారి నన్ను పో అనవే!" పిల్ల చొక్కా చప్పరిస్తూనే ఉంది. చివరికి పొయ్యి మీద అన్నం పొంగుతుంటే అమ్మమ్మే దాని చేతిలో చొక్కా సరిగ్గా పెట్టి లోపలికి పోయింది. వంట ఎంత ప్రశాంతంగా అయిందో! అలా ఎందుకు అనిపించిందా అని అన్నం వార్చేటప్పుడు తన మీద తనకే మంట పుట్టింది.

మధ్యాహ్నం పిల్ల నిద్రలో ఉండగా మెల్లగా ఆ చొక్కా లాగింది. పాత అలవాటు చొప్పున దాంతో మాట్లాడింది.

"ఏమే, దీని మాటలన్నీ నువ్వే మింగావా?"

చొక్కా బరువుగా ఉంది. తడిసిన గుడ్డ బరువు ఆమెకు తెలుసు, గంజి పెట్టిన గుడ్డ బరువూ తెలుసు. ఇది రెండూ కాదు. పిల్ల అంతగా ఏం చప్పరిస్తోందో చూద్దామని కాలరు అంచు నాలుక మీద పెట్టుకుంది. తియ్యగా ఉంది. పంచదార తీపి కాదు. పల్చగా, చల్లగా, ఇంకొంచెం కావాలనిపించేలా ఉంది. ఆమె ఇంకొంచెం చప్పరించింది. ఎంతసేపు అలా కూర్చుందో తెలియదు. నోట్లోంచి గుడ్డ తీసేసరికి పిట్ట లేచి కూర్చుని రెండు చేతులూ చాచి ఉంది. అవి అమ్మమ్మ కోసం కాదు, చొక్కా కోసం.

అమ్మమ్మ ఆ పూటే పిల్లను చొక్కాతో సహా చంకన వేసుకుని ఆసుపత్రికి నడిచింది. అక్కడి నర్సు వేలిమీద సూది గుచ్చి రక్తం తీసింది. పిల్ల ఏడవలేదు. నర్సు దాని మొహంలోకి ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లి, చాలాసేపటికి వచ్చింది.

"ఒంట్లో సీసం చేరిందమ్మా. అసలు ఉండకూడనిది, చాలా ఉంది. పిల్ల నోట్లో ఏం పెట్టుకుంటుంది?"

అమ్మమ్మ జవాబు చెప్పబోయేలోపే నర్సు చూపు పిల్ల నోటి మీద ఆగింది. రెండు వేళ్లతో ఆ చొక్కా చెయ్యి బయటికి లాగి, కుళాయి దగ్గరికి తీసుకెళ్లి పిల్ల మొహమూ చేతులూ కడిగింది.

"మరి తండ్రికేం కాలేదే? అతను కొలిమి దగ్గర ఆ సీసంలోనే మునిగి తేలుతాడు" అంది అమ్మమ్మ.

"అతనికీ మంచిది కాదు. కానీ వీళ్లది ఇప్పుడిప్పుడే తయారవుతున్న మెదడు. పైగా కడుపు ఖాళీ. పాలూ గుడ్లూ ఆకుకూరలూ పప్పూ తినే పిల్లల ఒళ్లు దీన్ని కొంతైనా బయటికి నెట్టేస్తుంది. ఆకలి మీదున్న ఒళ్లు ఏది దొరికితే అది పట్టేసుకుంటుంది."

"పోయిన మాటలు తిరిగొస్తాయా తల్లీ?"

నర్సు పిల్ల తడి మొహం తుడిచింది. "కొన్ని రావచ్చు. ముందు ఆ దుమ్ములోంచి బయటికి తీసుకెళ్లండి, కడుపు నిండా పెట్టండి. ఎన్ని వస్తాయో మాత్రం నేను మాటివ్వలేను."

ఇంటికి వచ్చి అమ్మమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పిల్లను రేపే తీసుకెళ్లిపోతానంది. అల్లుడికి రోషమొచ్చింది.

"నా చొక్కా నా కూతుర్ని చంపుతోందంటారా? నేను దానికి ఇవ్వగలిగింది అదొక్కటే అత్తయ్యా! బొమ్మలు కొన్నానా, పాలు కొన్నానా?"

"చంపుతోందనలేదు నాయనా. మింగుతోందన్నాను."

కూతురు ఏడుస్తూ కూర్చుంది. "అది లేకపోతే నిద్రపోదమ్మా. నువ్వు ఎత్తుకెళ్తే నా ముఖం కూడా మర్చిపోతుంది."

"ఇప్పుడు గుర్తుందా?" అంది అమ్మమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది. కూతురు పిల్ల వంక చూసింది.

మర్నాడు కూతురు పిల్లను వదలక అమ్మమ్మ ప్రయాణం ఆగిపోయింది. ఆ సాయంత్రం అల్లుడు ఆలస్యంగా వచ్చాడు. పనిబట్టలు కార్ఖానాలోనే వదిలి, కుళాయి కింద ఒళ్లు రుద్దుకుని, తల కూడా తడుపుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పొద్దంతా ఏం ఆలోచించుకున్నాడో గానీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిట్ట దగ్గరున్న పాత చొక్కా తీసి నీళ్ల బకెట్లో పడేసి, చేతులు కడుక్కుని, దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"రావే పిట్టా. నాన్ననే."

పిల్ల అతన్ని చూసింది. అతని భుజం పక్కనుంచి వెనక్కి తొంగి చూసింది, ఇంకెవరో రావలసి ఉన్నట్టు. అతను చేతులు చాస్తే వెనక్కి జరిగింది. తన కూతురు తనను ఇన్నాళ్లూ ఎప్పుడూ చూడలేదని, చొక్కానే చూసిందని అతనికి అప్పుడు తెలిసింది. లేచి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

అప్పుడు పిట్ట నోరు తెరిచింది.

ఆ కేకకు ఇల్లు దద్దరిల్లింది. ఎన్ని నెలల ఏడుపో అది, ఊపిరి తిప్పుకోకుండా వచ్చింది. అమ్మమ్మ దాన్ని ఎత్తుకుని వీధిలోకి వచ్చింది. ఆమెకు దుఃఖమూ సంతోషమూ కలిసి వచ్చేశాయి. "ఏడువే నా తల్లీ, గట్టిగా ఏడువు" అంటూ వీపు రాస్తోంది. కూతురు వెనకే వచ్చి, "పొద్దున బస్సుకే తీసుకెళ్లమ్మా" అంది చిన్నగా.

చీకటి పడకముందే ఆ వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పిల్లలు బయటికి వచ్చారు. ఒకరినొకరు పిలుచుకోలేదు, చూసుకోలేదు. చొక్కాలు నేల మీద ఈడ్చుకుంటూ అందరూ అమ్మమ్మ చుట్టూ చేరారు. ముందుగా కాలరు నమిలే పిల్ల తన చొక్కాను పిట్ట కాళ్ల మీద పెట్టింది. తర్వాత ఇంకొకడు పెట్టాడు. ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టడానికి వాళ్లకు తెలిసిన మందు అదొక్కటే. ఉన్నదంతా తెచ్చి ఇస్తున్నారు. వాళ్లకు ఏమీ తెలియదనుకుంది అమ్మమ్మ. వీళ్లకు జాలి తెలుసు. లోపల పిల్లలు ఉన్నారు. ఆమె రేపు తీసుకెళ్లగలిగేది మాత్రం ఒక్కదాన్నే.

చివరగా దొర వచ్చాడు. తన చొక్కాను పిట్ట భుజాల చుట్టూ జాగ్రత్తగా కప్పాడు. అమ్మమ్మ దాన్ని తీసేసింది. మిగతావాటితో కలిపి గుమ్మం లోపలున్న బకెట్లో ముంచేసింది.

దొర ఖాళీ చేతుల్ని చూసుకున్నాడు. వాడి గడ్డం వణికింది. బొంగురుగా, ఎప్పుడూ వాడని గొంతు ఒకటి వాడి లోపలినుంచి పైకి లేచింది. పిట్ట ఏడుపును మించిపోయింది.

ఎదురింట్లోంచి వాడి తల్లి కేకేసింది. "ఎవరి పిల్లాడే ఆ ఏడ్చేది? ఎత్తుకోండర్రా ఎవరైనా!"

"మీవాడే అక్కా" అంది కూతురు.

"మావాడు ఏడవడమ్మా" అని ఆవిడ లోపల్నుంచే చెప్పి, గంజి కలపసాగింది.