సాంచాలు ఆగినప్పుడు

కరుణాకర్ సాంచాల షెడ్డులో దయ్యం ఉందని పక్కింటి బుచ్చవ్వ చెప్పిందట. బుచ్చవ్వ ఐలమ్మకు చెప్పింది, ఐలమ్మ నల్లా దగ్గర బిందె నింపుకుంటూ అనురాధకు చెప్పింది.

"కరెంటు ఉన్నంతసేపు ఏమనదట మేడం. కరెంటు పోయి సాంచాలు ఆగినయంటే సాలు, లోపట్నుంచి ఒకటే ఏడ్పు. బుచ్చవ్వ రెండుసార్లు విన్నదట. మూడోసారికి చెవులల్ల దూది పెట్టుకున్నదట."

"కరెంటు కోతలు దయ్యాలకు గూడ తెలుస్తయా ఐలమ్మా?" అంది అనురాధ.

"ఏమో మేడం, గిప్పటి దయ్యాలు!"

నల్లా దగ్గరున్న నలుగురూ నవ్వారు. అనురాధ కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు బిందె నిండేలోపే ఆగిపోయింది. "ఏడ్పు ఎవలదున్నదట?" అని అడిగింది. ఐలమ్మ బిందె చంకనెత్తుకుని, "చిన్నపిల్ల గొంతట" అని వెళ్లిపోయింది.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. పొద్దున లేచింది మొదలు వాడకట్టంతా ఆ మోతలోనే వండుకుంటుంది, తింటుంది, చంటిపిల్లల్ని నిద్రపుచ్చుతుంది. షెడ్డులో నోటి మాట వినపడదు కాబట్టి మనుషులు చేతులతో మాట్లాడుకుంటారు. నీళ్లు కావాలంటే ఒక సైగ, దారం తెగితే ఒక సైగ, ఆసామి, అంటే షెడ్డు యజమాని, వస్తున్నాడంటే ఇంకో సైగ. బయటివాళ్లకు ఆ మోత తలనొప్పి. లోపలివాళ్లకు అదొక పరదా, దాని వెనక ఏది పెట్టినా దాగుతుంది. చదువుతున్న మీరు, మీ వాడలో ఏ మోత వెనక ఏముందో ఎన్నడైనా చెవి పెట్టి విన్నారా? అనురాధ విన్నది. వినక తప్పని గతం ఆమెకుంది.

ఆమె భవిత కేంద్రంలో టీచరు. చూపు లేని, వినికిడి లేని, బుద్ధి మందగించిన, నడవలేని పిల్లలకు అక్షరంతో పాటు అన్నం కలుపుకోవడం, గుండీ పెట్టుకోవడం కూడా నేర్పే పని. కదల్లేని పిల్లలుంటే శనివారం శనివారం ఇంటికే వెళ్లి నేర్పాలి. సిరిసిల్లకు రాకముందు ఆరేళ్లు కోరుట్లలో పనిచేసింది.

కోరుట్లలో అమృత అని తొమ్మిదేళ్ల పిల్ల ఉండేది. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే జబ్బు. మూడు నెలలు కష్టపడి స్పూను పట్టుకోవడం నేర్చింది. ఆ తర్వాత ఒక శనివారం తల్లి తలుపు దగ్గరే ఆపి, "అమ్మమ్మ ఇంటికి పోయింది మేడం" అంది. మరుసటి శనివారమూ అదే మాట. మూడో శనివారం కూడా అదే మాట, కానీ ఆ రోజు లోపలి నుంచి స్టీలు పళ్లెం మీద స్పూను గీరిన చప్పుడు వినిపించింది. "పిల్లి" అంది తల్లి. అనురాధ ఇంకా రెండిళ్లకు పోవాల్సి ఉంది. పిల్లే అని నమ్మింది. నమ్మితే పని తొందరగా అవుతుంది కనుక నమ్మింది.

నాలుగో శనివారం ఆ ఇంటి ముందు కుండలో నిప్పులు కనిపించాయి. పెళ్లిచూపులకు పెద్దపిల్లను చూడటానికి చుట్టాలు వస్తున్నారని అమృతను వెనక గదిలో పెట్టారట. జ్వరం వచ్చింది. ఆస్పత్రికి ఎత్తుకుపోతే పదిమంది కంట పడుతుందని ఆగారట. ఆగుతూ ఆగుతూ ఉండగానే పిల్ల పోయింది.

ఆ తర్వాత అనురాధ ఆ వీధిలోంచి నడవలేకపోయింది. భర్త జితేందర్‌కు సిరిసిల్లలో పని దొరికితే తానూ బదిలీ అడిగి వచ్చింది. ఊరు మారినా చప్పుడు వెంట వచ్చింది. ఎక్కడ మూసిన తలుపు చూసినా దాని వెనక స్పూను గీరినట్టే ఉండేది. జితేందర్ ఇంట్లోని స్పూన్లన్నీ మూటగట్టి అటక మీద పెట్టాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉప్మా అయినా చేత్తోనే తింటారు.

తండ్రి లక్ష్మీరాజం ఒకసారి కథలాపూర్ నుంచి వచ్చి కూతురి మొహం చూసి, "గీ నౌకరి ఇడిసిపెట్టరాదు బిడ్డా" అన్నాడు. ఆయన కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. ఒకప్పుడు చెట్టు మీంచి పడి నడుము విరిగితే, ఆరు నెలలకు లేచి మళ్లీ మోకు కట్టుకున్నాడు.

"నువ్వెందుకు మళ్ల ఎక్కినవు నాయినా?"

"చెట్టు ఆడనే ఉండె గద బిడ్డా."

"పిల్లలు గూడ ఆడనే ఉన్నరు నాయినా."

లక్ష్మీరాజం ఆ సాయంత్రమే కథలాపూర్ బస్సెక్కాడు.

శనివారం పది గంటలకు అనురాధ కరుణాకర్ ఇంటికి వెళ్లింది. అరుగు మీద అతని తల్లి సత్యవ్వ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. వెనక షెడ్డులో ఎనిమిది సాంచాలు ఒక్కపెట్టున ఆడుతుంటే అరుగు కూడా సన్నగా వణుకుతోంది.

"మీ ఇంట్ల పిల్లలెందరు అవ్వా?" గొంతు పెంచి అడిగింది అనురాధ.

"ఇద్దరు. పెద్దది అక్షిత, బడికి పోయింది. చిన్నది అమ్మమ్మ ఇంటికాడ ఉంటది."

ఇదే మాట కోరుట్లలో మూడు శనివారాలు విన్నది అనురాధ.

"అమ్మమ్మది ఏ ఊరు?"

"కథలాపూర్."

"నేను కథలాపూర్ బిడ్డనే అవ్వా! ఏ వాడకట్టు? ఇంటి పెద్దమనిషి పేరేంది?"

సత్యవ్వ రాట్నం ఆగింది. "గన్ని ముచ్చట్లు నీకెందుకమ్మా? సర్వే ఐతే రాసుకొని పో. మాకు పనున్నది."

అనురాధ లేవలేదు. అరుగు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. "ఉండనియ్యి అవ్వా. మంచినీళ్లు తాగి పోత" అంది. కరుణాకర్ భార్య లత నీళ్లు తెచ్చింది. చెంబు అందిస్తూ ఆమె షెడ్డు వైపే చూస్తుంటే, నీళ్లు అనురాధ ఒడిలో ఒలికాయి. అప్పుడే కరెంటు పోయింది.

సాంచాలు ఒకదాని వెనక ఒకటి నీరసించి ఆగాయి.  అంతలో షెడ్డులోంచి ఏడుపు లేచింది. అందులో అమ్మా లేదు, అయ్యా లేదు. ఎత్తూ పల్లమూ లేని ఒకే ఒక్క అరుపు.  ఒక్క నిమిషం అనురాధ కూడా దయ్యాన్ని నమ్మింది. మరు నిమిషం లేచి లోపలికి నడిచింది. సత్యవ్వ అడ్డం రాబోయింది. గుమ్మంలో ఉన్న లత మాత్రం పక్కకు జరిగింది.

షెడ్డు మూలన, పడుగు దారం చుట్టిన పెద్ద ఇనుప రోలర్ల వెనక, ఎనిమిదేళ్ల పిల్ల. కాలికి చీరపేలిక, దాని రెండో కొస సాంచా కాలికి కట్టి ఉంది. ఎడమ చేతి మీద వేలు పొడవున రెండు కాలిన మచ్చలు. రెండు అరచేతులూ నేలకు ఆనించి పిల్ల అరుస్తోంది.

"ఎవలు నువ్వు? లోపటికి ఎవలు రమ్మన్నరు?" అంటూ కరుణాకర్ వచ్చాడు.

"పిల్ల పేరేంది?"

 వెనక నుంచి లత, "పూజ" అంది.

"దానికి గాలి సోకింది మేడం" అన్నాడు కరుణాకర్, గొంతు తగ్గించి. "కొండగట్టు తీస్కపోయి పదకొండు రోజులు ఉన్నం. గుడి కాడ డోలు కొడుతున్నంతసేపు డోలు పక్కనే సప్పుడు చెయ్యకుంట కూసునేది. ఆపంగనే మొదలు. దేవుని ముంగట దయ్యం నోరు మూసుకుంటదని గప్పుడే తెలిసింది. ఒకాయనతోని రెండు వాతలు పెట్టించినం. రేపు ఆదివారం మూడోది పెడితే పోతదన్నడు."

అనురాధ పిల్ల వెనక కూర్చుని చెవి దగ్గర "పూజా!" అని గట్టిగా పిలిచింది. పిల్ల తిరగలేదు. అటు పక్క సాంచా విప్పుతున్న ముసలి మేస్త్రి భూమయ్య చేతిలోంచి పానా జారి నేల మీద పడింది. పిల్ల చప్పున అటు తిరిగింది.

అనురాధ చెప్పులు విడిచి మడమతో నేలను కొట్టింది. ఒకటి, రెండు, మూడు. సాంచా ఆడే జోరులోనే కొడుతూ పోయింది. అరుపు సన్నబడి ఆగింది. పిల్ల అరచేతులు నేల మీద పరచి, కన్నీళ్లు తుడుచుకోకుండానే అనురాధ పాదాన్ని చూసింది. మడమ ఆపితే మళ్లీ ఏడుపు. కొడితే మౌనం.

"ఈ పిల్లకు చెవులు వినవడయి" అంది అనురాధ. "పుట్టినకాంచి నేల అదురుతుంటెనే మీరంత ఉన్నరని ఆమెకు తెలుసు. అది ఆగితే ఎవ్వలు లేనట్టే. గుడి కాడ డోలు అదిరితె గూడ గట్లనే కూసున్నది. గందుకే ఏడుస్తంది. గాలి లేదు, దయ్యం లేదు."

"చెవులు వినకపోతే మాకు తెల్వదా?" అంది సత్యవ్వ. "సైగ చేస్తె ఉరికచ్చేది."

"మీ ఇంట్ల అందరు సైగలతోనే మాట్లాడ్తరు గదవ్వా. ఎట్ల తెలుస్తది? గింత మోతల పసిపిల్ల నిద్రపోతే, అలవాటైందనుకున్నరు."

 అనురాధ మడమ కొడుతూనే ఉంది, కాలు గుంజుతున్నా ఆపలేదు. సోమవారం ఆస్పత్రిలో చెవుల పరీక్ష చేయిద్దామని, అక్కడి నుంచి భవిత కేంద్రానికి తెమ్మని చెప్పింది.

"మాట వస్తదా?" లత అడిగింది.

"వస్తదని అబద్ధం చెప్ప. రెండేండ్లప్పుడు తెలిస్తే వేరే తీరుగ ఉండేది. చేతులతోని మాట్లాడుడు, రాసుడు, చదువుడు మాత్రం నేర్పుత. నాకు రోజూ కావాలె పిల్ల." కాలు మార్చి కొడుతూ మళ్లీ అంది. "కోరుట్లల ఒక పిల్ల అమ్మమ్మ ఇంటికాడ ఉన్నదంటే నమ్మి మర్లిపోయిన. లోపట సప్పుడు వినుకుంటనే పోయిన. అది సచ్చిపోయింది. గా తప్పు నాది. మీరు ఎన్ని తిట్టినా ఇయ్యాల మాత్రం పోను."

భూమయ్యకు నలభై ఏళ్ల సాంచాల మోతలో చెవులు పోయాయి. అనురాధ ఏమన్నదని అతను లతను సైగతో అడిగితే, లత సైగలతోనే అంతా చెప్పింది. పూజ, తల్లి చేతుల్నే చూస్తోంది. ముసలాయన పానా పక్కన పెట్టి కరుణాకర్ దగ్గరికి వచ్చాడు.

"నాకు చెవుడొస్తే కష్టం చేసి పోగొట్టుకున్నడు, పెద్దమనిషి అన్నరు. పండుగకు కొత్త పంచె పెట్టిండ్రు. నీ బిడ్డకు గదే చెవుడుంటే దయ్యమని కాలిపిచ్చినవు. ఇద్దరం ఒక్క షెడ్డులనే ఉన్నం గదరా కరుణాకరూ. తెల్వక చేసింది ఒక తప్పు. తెలిసినంక దాసిపెట్టుడు రెండోది. గా రెండోదానికి మందు లేదు. మరి నన్ను గూడ కడుతవా సాంచాకు?"

 కరుణాకర్ నేల మీద కూర్చుని పిల్ల కాలి పేలిక పట్టుకున్నాడు. అది తెగిన దారాన్ని కలిపే సాలెల ముడి, గుంజితే ఊడదు. గోళ్లతో కెలికి కెలికి విప్పాడు. అనురాధ కాలు ఇక లేవకపోతే లత వచ్చి పక్కన కూర్చుని అరచేత్తో నేలను కొట్టసాగింది. పూజ, తల్లి చేతి మీద తన చెయ్యి పెట్టింది.

సత్యవ్వ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మీరందరు ఒక్కటైండ్రు, మంచిగనే ఉన్నది. సోమవారం దీన్ని పట్టుకొని బజార్ల నడుస్తరు. వాడకట్టంత అరుగుల మీదికొచ్చి, ఎవలీ పిల్ల అని అడుగుతది. ఏమని చెప్పాలె నేను?"

లత తల ఎత్తకుండానే అంది.

"నా బిడ్డ అని చెప్పు అత్తమ్మా. గీ మాట నోట్లకెంచి రాకపోతే, మూగోళ్లం మనమే."