గొలుసు వంతెన మీద జిల్కె

జర్మనీలోని వెర్లిట్స్ తోట వేసినవాళ్ల మీద గుడ్రున్‌కు ఆ సాయంత్రం ఒళ్లు మండింది. దారి మలుపు తిరిగినప్పుడల్లా ముందు నడుస్తున్న ఇద్దరూ కనిపించకుండా పోతున్నారు. చెట్ల మధ్య సందు వచ్చినప్పుడల్లా చెరువుకు అవతల తలలు దగ్గర పెట్టుకుని మళ్లీ కనిపిస్తున్నారు. ఒకరు కూతురు మెరెట్. రెండోది జిల్కె. తనతో విడిపోయాక భర్త ఫోల్కర్ చేసుకున్న మనిషి.

మెరెట్ లాంటి పద్నాలుగేళ్లు నిండిన పిల్లలకు చేసే పండుగ పొద్దున జరిగింది. వేదిక ఎక్కించి, చేతికొక పువ్విచ్చి, ఇక మీరు పెద్దవాళ్లన్నారు. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఈ తోటకు రావడం వాళ్ల ప్రాంతంలో మామూలే. ఈసారి మామూలు కానిది ఒకటుంది. సెలవులయ్యాక అమ్మ దగ్గరే ఉంటుందో, లైప్‌జిగ్‌లో నాన్న ఇంట్లో ఉండి సంగీతం బడిలో చేరుతుందో మెరెట్ తోటలోని హోటల్లో కాఫీ బల్ల దగ్గర చెప్పాలి. ఆ బల్ల పట్టి ఉంచడానికి ఫోల్కర్ ముందే వెళ్లాడు.

ఈ మాట మొదలైనప్పటి నుంచి గుడ్రున్‌కు కంటిమీద కునుకు లేదు. కళ్లు మూస్తే ట్రామ్ కింద పడ్డ వయొలిన్ పెట్టె కనిపించేది. ఇప్పుడేమో పిల్ల మెడలో జిల్కె ఇచ్చిన పట్టు స్కార్ఫ్ ఎగురుతోంది. తను అల్లిన స్వెట్టర్ సంచి దాటలేదు.

గాలి తగిలితే గొంతు పోతుంది, వేసుకోమని ఇందాకే బతిమాలింది. మెరెట్ పచ్చిక వైపు చూపించి, "గొర్రెలే ఉన్ని తీయించేసుకున్నాయి, నన్ను మళ్లీ గొర్రెను చేస్తావా అమ్మా?" అంది. జిల్కె నవ్వింది. ఆ నవ్వు గుడ్రున్‌కు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

గొలుసు వంతెన వచ్చింది. కాలు పెడితే ఊగుతుంది. కింద నల్లటి నీళ్లు. మెరెట్ చిన్నప్పుడు గుడ్రున్ ముందు నడిచేది, పిల్ల ఆమె నడుము పట్టీ పట్టుకుని వెనకాల వచ్చేది. తెగిపోతే పిల్లను ఎలా పట్టుకోవాలా అని ఆమె గుండె కొట్టుకుంటూనే ఉండేది. బయటికి మాత్రం కనిపించనిచ్చేది కాదు.

ఇప్పుడు మెరెట్ గబగబా అవతలికి వెళ్లిపోయింది. వెనకే ఎక్కిన జిల్కె సగం దూరంలో ఆగిపోయింది. రెండు చేతులతో గొలుసు పట్టుకుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

గుడ్రున్‌కు హాయిగా అనిపించింది. దాచడమెందుకు, చాలా హాయిగా అనిపించింది.

అంతలో మెరెట్ వెనక్కి వచ్చింది. జిల్కెకు వీపు తిప్పి నిలబడింది. "నీళ్లకేసి చూడకు జిల్కె. నా మడమలు చూడు. అవి ఎటెళ్తే అటు రా."

అవి గుడ్రున్ మాటలు. ఒకప్పుడు ఇదే వంతెన మీద పిల్లకు ఆమె చెప్పినవి. ఒక్క అక్షరం తేడా లేదు. స్కార్ఫ్ సంగతి ఎలాగో దిగమింగుకుంది, ఇది గొంతు దిగలేదు. తమ ఇద్దరి మధ్యే ఉన్న మాటను పిల్ల ఎవరికో ఇచ్చేసింది.

అవతల ఒడ్డున జిల్కె ఒగర్చుకుంటుంటే, మెరెట్ గర్వంగా చెబుతోంది: "మా అమ్మ నేర్పింది. అమ్మకు ఇదంటే భయమే లేదు."

ఇక చేసేదేముంది? చూడడానికి ఎదర ఎవరి మడమలూ లేవు. గుడ్రున్ స్కార్ఫ్‌కేసి చూస్తూ, దాన్ని తిట్టుకుంటూ దాటేసింది.

కాఫీ బల్ల మీద పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు ఎదురుచూస్తోంది. మెరెట్ దాన్ని ముట్టుకోకుండానే, లైప్‌జిగ్ వెళ్తానని చెప్పింది. ఫోల్కర్ కాఫీలో చక్కెర కలుపుతూనే ఉండిపోయాడు.

గుడ్రున్ జిల్కె వైపు తిరిగింది. "మీ ఇల్లు ఎన్నో అంతస్తు?"

"ఐదు," అంది జిల్కె. "నేను ఆ కిటికీ దగ్గరికే పోను గుడ్రున్ గారూ. ఈ పిల్ల వస్తే ట్రామ్ దిగిందో లేదోనని కాచుకుని కూర్చోవడమే నా పని."

తడి జుట్టుతో బయటికి పంపొద్దని గుడ్రున్ మొదలుపెట్టింది. అదీ ఆలోచించానంది జిల్కె. ఆఖరికి తన భయంలో కూడా వాటాకొచ్చింది ఈ మనిషి.

గుడ్రున్ సంచిలోంచి స్వెట్టర్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇది లైప్‌జిగ్‌కు రాదని, పిల్ల ఇంటికొచ్చినప్పుడు వేసుకోవడానికి తన దగ్గరే ఉంటుందని జిల్కె వైపు చూస్తూ చెప్పింది.

మెరెట్ గొర్రెల ఊసెత్తలేదు. చెయ్యి చాపి స్వెట్టర్ తీసుకుని, స్కార్ఫ్ మీదే తొడుక్కుంది.