గడ్డినేలల సర్వే నంబర్లు

ఫోటో కింద సర్వే నంబరు లేకపోతే నాకు ప్రాణం ఒప్పదు. "సాయంకాలపు గడ్డి", "ఒంటరి గాలి" అని పేర్లు పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఏ ఊరి గాలి? ఎవరి గడ్డి? కెనడాలోని మా సస్కాచెవాన్‌లో పొలం ఎక్కడని అడిగితే పిల్లలు కూడా నంబరే చెబుతారు. ముప్పై ఎనిమిదేళ్లలో నేను తెచ్చిన మూడు పుస్తకాల్లోనూ ప్రతి ఫోటో కిందా నంబరు వేయించాను. నాగలి తగలని గడ్డినేల ఇంకా మిగిలి ఉందని, అదెక్కడుందో జనానికి తెలిస్తే కాపాడుకుంటారని నా వెర్రి నమ్మకం.

మూడో పుస్తకానికి ప్రాణం పోసింది ఒరెస్ట్ అనే రైతు ఆవులు మేసే నూట అరవై ఎకరాలు. తాతల నాటి నుంచీ వాళ్లకది కౌలు నేల. యజమాని కాల్గరీ నగరంలో ఉంటాడు, ఇటు తొంగిచూసి ఇరవై ఏళ్లయింది. నేను మూడు కాళ్ల స్టాండు భుజాన వేసుకుని వస్తుంటే ఒరెస్ట్ గేటు తీస్తూ, "మళ్లీ దిగావా తల్లీ! గడ్డేమన్నా పారిపోతుందా?" అనేవాడు. పని అయ్యాక ఇంటికి తీసుకెళ్లి బంగాళదుంప కూరి ఉడికించిన పెరోగీలు పెట్టించేవాడు.

మే నెలలో ఒక పొద్దున ఫోన్ చేశాడు.

"ఇంగా తల్లీ, నేల అమ్మేశారు. గడ్డికి మందు కూడా కొట్టేశారు. ఇవాళ దున్నుతున్నారు. చూస్తానంటే రా."

వెళ్లేసరికి ట్రాక్టరు సగం నేల తిరగేసింది. గూళ్లు పోయిన పిట్టలు దాని వెనకే అరుస్తూ తిరుగుతున్నాయి. ఒరెస్ట్ గేటుకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆవులేవి?"

"గురువారం వేలానికి తోలేశా."

"అయ్యో, నాలుగైనా ఉంచుకోవాల్సింది కదయ్యా."

"ఉంచుకుని ఏం మేపను? నీ పుస్తకమా?"

నవ్వబోయి, ట్రాక్టరు వైపు తిరిగిపోయాడు.

అంతలో నేల కొన్న కంపెనీ మనిషి కారు దిగాడు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. నన్ను చూసి మొహం విప్పారింది. కారులోంచి నా మూడో పుస్తకం పట్టుకొచ్చాడు. పేజీల మధ్య రంగు రంగుల చీటీలు ఉన్నాయి.

"మేడమ్, మీరేనా! మాకెంత మేలు చేశారో మీకు తెలీదు. దున్నని నేలలు వెతకాలంటే ఏడాది పట్టేది. మీ నంబర్లు చూసి యజమానులెవరో కనుక్కున్నాం. పద్దెనిమిది చోట్ల కొనేశాం. అన్నిట్లో మసూర్ పప్పే వేస్తున్నాం."

కాపాడుతున్నానని విర్రవీగాను. వీళ్లను చెయ్యి పట్టుకుని ఒక్కో గడ్డినేలకూ తీసుకొచ్చింది నేనే. ఛీ, ఇదీ ఒక బతుకేనా!

"ఒక్క సంతకం పెట్టరా మేడమ్?"

ఒరెస్ట్ వైపు చూశాను. నోటికొచ్చినట్టు తిడతాడేమోనని ఆశపడ్డాను.

"పెట్టు. నువ్వు చేసిందేగా" అన్నాడు నెమ్మదిగా. వెళ్లి తన ట్రక్కెక్కాడు. నాకోసం ఆగలేదు.

నేను పెన్ను అందుకున్నాను.

"నంబర్లలో తప్పులేమైనా పడ్డాయా, బాబూ?" అని అడిగాను. ఒక్కటైనా తప్పు పడి ఉంటే, ఆ ఒక్క నేలైనా వీళ్ల చేతికి చిక్కకుండా ఉండి ఉంటుందని నా ఆశ.

"ఒక్కటి కూడా లేదు మేడమ్" అన్నాడు మెచ్చుకోలుగా. "అన్నీ సరిగ్గా ఉన్నాయి."