ఆ నవ్వు నాలోనే ఉంది

నేను ఒక మొబైల్ ఫోన్‌ను. ఎక్కడో ఫ్యాక్టరీలో, తలకు టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు నన్ను బిగించి, పరీక్షించి, డబ్బాలో పడుకోబెట్టారు. చూడటం, వినడం, గుర్తుపెట్టుకోవడం నేర్పారు. సిగ్గుపడటం నేర్పలేదు. అది మనుషుల దగ్గర ఎలాగూ ఉంటుందనుకున్నారు కాబోలు.

మొదట కరీంనగర్‌లో మందుల షాపు నడిపే సుదర్శన్ చేతికి వచ్చాను. తర్వాత ఆన్‌లైన్ క్లాసుల పేరుతో ఆయన కూతురు రిషిత చేతికి వెళ్లాను. క్లాసులు అయిపోయాయి. నేను మాత్రం తిరిగి వెళ్లలేదు.

రిషిత తొమ్మిదో తరగతికి వచ్చింది. ఆమె క్లాసులో లహరి అనే అమ్మాయికి మాట తడబడుతుంది. స్కూల్ ఫంక్షన్‌లో లహరి పద్యం చదువుతుంటే రిషిత నాతో వీడియో తీసింది. ఒక మాట దగ్గర ఆగిపోయి ఆ పిల్ల పడ్డ అవస్థను మాత్రం కత్తిరించి, మిక్సీ చప్పుడు జోడించి, క్లాసు గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి నవ్వు బొమ్మలు చీమల్లా పట్టాయి. లహరి బడికి రావడం మానేసింది.

హెడ్మాస్టర్ పిలిచి విషయం చెబితే సుదర్శన్, "మా పిల్ల అసొంటిది కాదు సార్" అన్నాడు. ఈ మాట తల్లిదండ్రులకు ఎవరూ నేర్పరు. అందరికీ వచ్చు.

ఇంట్లో ఆయన బావమరిది శ్రీకాంత్ సలహా ఇచ్చాడు. "బావా, ముందుగాల డిలీట్ కొట్టు. ఫోన్ల లేకుంటే సాక్ష్యమేడుంటది?"

సుదర్శన్ ఇంకో అడుగు ముందుకేసి నన్ను నేలకేసి కొట్టబోయాడు. భార్య స్వరూప చెయ్యి పట్టుకుంది.

"పలగ్గొడితే ఏమొస్తది? ఆ పిల్ల ఇన్నది మనం ఇనద్దా?"

కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని వీడియో పెట్టింది. లహరి గొంతు. మిక్సీ చప్పుడు. చివర్లో, నన్ను పట్టుకున్న మనిషి నవ్వు. ఆ నవ్వు ఎవరిదో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సుదర్శన్ కుర్చీ లాక్కుని కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎందుకు చేసినవ్ బిడ్డా?" స్వరూప గొంతు పెంచలేదు.

"అందరు నవ్విన్రు మమ్మీ... మస్తు చేసినవన్నరు." రిషిత ఏడవసాగింది. "నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొడ్తరా?"

"నువ్వు మా బిడ్డవే. ఇది చేసింది గూడ నువ్వే. పొద్దున పోదాం, తయారుగుండు."

మర్నాడు సుదర్శన్ మొదట హెడ్మాస్టర్‌కు వీడియో చూపించి, నిన్నటి మాట వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ముగ్గురూ లహరి ఇంటికి వెళ్లారు. రిషిత తల వంచుకుని సారీ చెప్పింది.

"నా ఒక్కదానికి వ... వద్దు," అంది లహరి. "గ్రూ... గ్రూపుల చెప్పు."

ఆ మాట పూర్తయ్యేదాకా ఎవరూ అందుకోలేదు.

రిషిత అక్కడే నాలో తన గొంతు రికార్డు చేసింది. "లహరి వీడియో చేసింది నేను. అది తప్పు. మీ ఫోన్లల్ల ఉంటే తీసెయ్యిండ్రి." ఏడుపు అడ్డొచ్చి మధ్యలో మాట తడబడింది. మళ్లీ రికార్డు చేస్తానంది.

"వద్దు," అంది లహరి. "గట్లనే పంపు."

పంపింది.

లహరి ఇప్పుడు బడికి వస్తోంది. రిషితతో మాట్లాడదు. ఎప్పుడు మాట్లాడుతుందని రిషిత అడిగితే, "అది ఆ పిల్ల ఇష్టం. నువ్వు ఆగు" అంటుంది స్వరూప.

నేను హాల్లో, అందరికీ కనబడేలా, టీవీ పక్కన ఉంటున్నాను. రిషిత ఒక్కోసారి నన్ను అందుకుని లహరి పేరు వెతికి ఏదో టైప్ చేస్తుంది. చదువుకుంటుంది. మళ్లీ అక్షరం అక్షరం వెనక్కి తీసేసి, నన్ను యథాస్థానంలో పెట్టి, హోంవర్క్ చేసుకోవడానికి వెళ్లిపోతుంది.