కాపీ తీయని పూట

తోటికోడలు వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ పెద్దకోడలికి మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదు.

వాళ్ళ మామగారు బూట్లు కుడతాడు. అందరికీ కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకీ, మడమ వంకర ఉన్నవాళ్ళకీ, దుకాణాల్లో దొరికేవేవీ పట్టనివాళ్ళకీ. ఇరవయ్యేళ్ళుగా తీసిన పాదాల కొలతలన్నీ ఒక పాత ప్రోగ్రాములో ఉన్నాయి. కొత్త కంప్యూటర్ మీద నడవనని అది మొండికేస్తే, పాత కంప్యూటర్ని డిస్కుతో సహా ఒకే ఒక్క ఫైలుగా మార్చి, కొత్తదాని లోపల కూర్చోబెట్టింది పెద్దకోడలే. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారని చెబితే అత్తగారు, "అంటే మన కంప్యూటర్ నీళ్ళోసుకుందన్నమాట!" అని పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి పెద్దకోడలు ఆ ఇంటి ఇంజనీరు.

ఆ వైభవం మూడేళ్ళు సాగింది. ఆ తర్వాత మరిది కట్టుకొచ్చిన పిల్ల, పాడైన డిస్కుల్లోంచి సమాచారం బయటికి లాగే ఉద్యోగం చేస్తుందట. ఇక చూడాలి. ఫోను మొరాయించినా చిన్నదాన్నే అడుగుతారు, టీవీ మూగబోయినా చిన్నదాన్నే అడుగుతారు.

ఈ ఉదయం కరెంటు పోయి వచ్చేసరికి ఆ ఫైలు తెరుచుకోలేదు. డిస్క్ ఇమేజ్, అంటే ఆ ఫైలే, పాడైందని తెర మీద ఒక ముక్క రాసి ఊరుకుంది. మామగారు చేతిలో తోలు పట్టుకునే చిన్నకోడలికి ఫోన్ కొట్టాడు.

"రెండింటికల్లా వస్తానందమ్మా. నువ్వేం హైరానా పడకు" అన్నాడు పెద్దకోడలితో.

ఆ "హైరానా పడకు" అన్న మాట ఆమెకి చురుక్కున తగిలింది. గడియారం చూసింది. పదకొండున్నర.

ఇలాంటప్పుడు అసలు ఫైలును ముట్టుకోకూడదని ఆమెకి తెలియక కాదు. ముందు కాపీ తీయాలి, ఏం చేసినా కాపీ మీద చేయాలి. కానీ అంత పెద్ద ఫైలు కాపీ కావాలంటే మూడు గంటలు. అప్పటికి మహారాణి దిగబడుతుంది, కుర్చీ లాక్కుంటుంది, టిక్కుమని బాగుచేసేస్తుంది, అత్తగారు బుగ్గలు పుణుకుతుంది.

మరమ్మతు చేసే ప్రోగ్రాము తెరిచింది. అసలు ఫైలులోనే మార్పులు రాయమంటారా అని అడిగిందది. రాయమంది.

పది నిమిషాల్లో ఫైలు తెరుచుకుంది. గుండె ఎగిరి గంతేసింది. పేర్లు వరసగా వచ్చాయి. ఒక పేరు నొక్కింది. కొలతల గళ్ళన్నీ ఖాళీ. ఇంకోటి నొక్కింది. అదీ అంతే.

రెండు కాకముందే చిన్నకోడలు వచ్చింది. సంచీ దించకుండానే, "అక్కా, కాపీ తీశావా?" అంది.

"ఆ మాత్రం తెలీదా నాకు? తీశాకే ముట్టుకున్నా."

చిన్నకోడలు కాపీ కోసం వెతికింది. లేదు. అసలు ఫైలు పక్కన, దాన్ని చివరిసారి మార్చిన సమయం కనిపిస్తోంది: పదకొండూ నలభై. ఆ అంకె వైపు ఒక్క క్షణం చూసింది. తానే మొదట కాపీ తీయడం మొదలుపెట్టి, ఆ మూడు గంటలూ పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది పెద్దకోడలికి.

సాయంత్రానికి పద్దెనిమిదేళ్ళ కొలతలు బయటపడ్డాయి. చివరి రెండేళ్ళవి లేవు. మరమ్మతు ప్రోగ్రాము వాటి మీదే కొత్త రాత రాసేసింది. ఆ రెండేళ్ళలో వచ్చినవాళ్ళందర్నీ మళ్ళీ పిలిచి, మళ్ళీ కాళ్ళు పట్టుకోవాలి.

మామగారు కూలబడ్డాడు. అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవరి నిర్వాకం ఇది?" అంది.

"ఎవరిదీ కాదత్తయ్యా. డిస్క్ పాతబడింది" అంది చిన్నకోడలు మెత్తగా. "అక్క ముందే చూడబట్టి ఈమాత్రమైనా దక్కింది."

పెద్దకోడలికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. తెలివి దానిదే, ఓర్పు దానిదే. ఇప్పుడు మంచితనం కూడా మూటగట్టి దానికే ఇచ్చేయాలా? రేపట్నుంచీ ఆ పిల్ల నవ్వినప్పుడల్లా తాను తల దించుకోవాలా?

"డిస్కుకి ఏ రోగమూ లేదు. కాపీ తీయకుండా నేనే కెలికాను" అంది గట్టిగా. "అది నీకూ తెలుసు. ఎందుకు దాస్తావు?"

అత్తగారు పెద్దకోడల్ని ఎడాపెడా వాయించింది. మూడేళ్ళ ఇంజనీరు పదవి మూడు నిమిషాల్లో ఊడింది. అంతటితో ఆగిందా? చిన్నకోడలి వైపు తిరిగి, "నీకేమొచ్చిందే? పెద్దవాళ్ళ మొహం మీదే పచ్చి అబద్ధమా? ఇంకెన్ని చెప్పావో ఇలాంటివి!" అని దులిపేసింది.

చిన్నకోడలి మొహం మాడింది. కళ్ళు తుడుచుకుంటూ ఆ ఇంట్లో మొదటిసారి అందరిలాగే కనిపించింది.

పెద్దకోడలు వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"తాగు. రేపట్నుంచి ఇద్దరం కలిసే తీద్దాం, ఆ పాదాల కొలతలు" అంది. ఎంత అణుచుకున్నా ఆమె గొంతులో హుషారు ఆగలేదు.