పది రోజుల పిలుపు

ఆ ఏడాది మా డలూత్ బాస్కెట్‌బాల్ జట్టు నవంబరులోనే చతికిలబడింది. మొదటి పదకొండు ఆటల్లో గెలిచింది రెండు. ఆటగాళ్ల చీలమండలకు కట్లు కట్టడం, మోకాళ్లకు ఐసు పెట్టడం నా పని. ఓడే జట్టులో ఆ పనికి కొదవుండదు.

అన్ని ఓటముల్లోనూ లామంట్ విక్స్ ఆటకు పాతిక పాయింట్లకు తగ్గేవాడు కాదు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. పోలండ్‌లో రెండేళ్లు, టర్కీలో ఒక ఏడాది, తక్కిన కాలమంతా మాలాంటి చిన్న లీగుల్లో ఆడాడు. పెద్ద లీగు గడప మాత్రం తొక్కలేదు.

జనవరిలో ఆట కోసం ఫార్గో వెళ్తుంటే బస్సులో అతని ఫోను మోగింది. పెద్ద లీగులో ఒక జట్టుకు గాయాల వల్ల మనుషులు తక్కువయ్యారట. పది రోజుల ఒప్పందం. లామంట్ ఫోను ఒళ్లో పెట్టుకుని కాసేపు కిటికీలోంచి మంచును చూశాడు. తర్వాత ముందు సీటులో ఉన్న కోచ్ డ్వైట్ పెల్కీ భుజం తట్టి చెప్పాడు. సంగతి తెలియగానే బస్సంతా చప్పట్లు. ఫార్గో చేరాక ముందుగా అతన్ని విమానాశ్రయంలో దింపి, ఆ తర్వాతే హోటల్‌కు వెళ్లాం.

అతని స్థానంలో ఆస్కర్ నీమీ ఆడాడు. మాకు గంట దూరంలోని గనుల ఊరివాడు, ఇరవై మూడేళ్లు. అప్పటిదాకా బెంచీకే పరిమితం. దూరం నుంచి బంతి వేయడం వాడికి అంతగా రాదు. రాదని తెలుసు గనుక, వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించేవాడు. ఆ పది రోజుల్లో నాలుగు ఆటలాడి నాలుగూ గెలిచాం. ఎప్పుడూ ముభావంగా ఉండే, రింగు దగ్గర ఆడే మా సెంటర్ టోబయస్ కూడా నవ్వుతూ కనిపించాడు.

అక్కడ గాయపడినవాళ్లు కోలుకున్నారు. లామంట్‌ను తిరిగి పంపేశారు. వచ్చిన మర్నాడు పొద్దున్నే కట్టు కోసం నా బల్ల మీద కూర్చున్నాడు. ఆడింది ఏడు నిమిషాలేనని, వేసింది రెండు పాయింట్లని తనే చెప్పాడు. ఇంతలో ఆస్కర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, నీ చోటు నీదే. కోచ్‌తో చెప్పేశాను."

"ఎవర్నడిగి చెప్పావురా?"

ఆస్కర్ లోపలికి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"అక్కడ హోటల్ గదిలో కూర్చుని మీ ఆటలన్నీ చూశాను," అన్నాడు లామంట్. "నేనున్నప్పుడు బంతి నా చేతికొచ్చి ఆగిపోయేది. ఇప్పుడు ఆగట్లేదు. రెండ్రోజులు ఒళ్లు మండిపోయింది. మూడో రోజు చూస్తే, బాగుందిరా అనిపించింది."

"మరి నువ్వు?"

"నేను బెంచీ మీంచి వస్తాలే. కానీ నీ ఎడమ చేతి ఆట చూస్తుంటే మా నాయనమ్మ ఈగల్ని తోలినట్టుంది. రేపట్నుంచి గంట ముందు రా."

చెప్పినంత సులువుగా జరగలేదు. మొదటి ఆటలో లామంట్‌ను ఆడించమని జనం పేరు పెట్టి అరుస్తుంటే, తువ్వాలు తల మీదికి లాక్కుని కూర్చున్నాడు. అయినా రోజూ గంట ముందు వచ్చేవాడు. నేను తలుపు తీసేసరికే ఇద్దరూ మెట్ల మీద కాఫీ తాగుతూ ఉండేవారు. ఫిబ్రవరంతా గెలుస్తూ వచ్చాం.

మార్చిలో చివరి ఆట గెలిస్తే ప్లేఆఫ్స్‌కు, అంటే టైటిల్ పోటీలకు వెళ్తాం. రెండు నిమిషాలున్నాయనగా ఆరో ఫౌల్ పడి, ఇక ఆడే వీల్లేక ఆస్కర్ బయటికొచ్చాడు. లామంట్ దిగాడు. చివరి క్షణాల్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి లామంట్ చేతిలో ఉంది. ఇద్దరు అతని మీదికి వచ్చారు. అతనే వేస్తాడని జనమంతా లేచి నిలబడ్డారు. అతను రింగు కింద ఖాళీగా ఉన్న టోబయస్‌కు అందించాడు. టోబయస్ వేసిన బంతి రింగు మీద రెండు చుట్లు తిరిగి బయట పడింది.

ఓడి లోపలికి వచ్చాక టోబయస్ చేతుల్లో మొహం దాచుకుని కూర్చున్నాడు. లామంట్ పక్కన చేరి, "మళ్లీ అలాగే వచ్చినా నీకే ఇస్తాను," అన్నాడు.

మే నెలలో ఒక పెద్ద జట్టు ఆస్కర్‌ను వేసవి శిబిరానికి పిలిచింది. లామంట్‌కు మళ్లీ పోలండ్ ఖాయమైంది. వెళ్లే ముందు మా ఇంటికి భోజనానికి వచ్చాడు.

"నిజం చెప్పు, ఆ రోజు నువ్వయితే టోబయస్‌కు ఇవ్వకుండా వేసేవాడివా?" అని అడిగాడు.

"వేసేవాణ్ణే," అన్నాను.

నవ్వి, ఇంకో చేప ముక్క వడ్డించుకున్నాడు.